వెరిఫికేషన్ రోజున కట్టెల పొయ్యి

2022 వేసవి. తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పేడ గ్యాస్ ప్లాంట్లు కట్టించే సంస్థలో నేను ఫీల్డ్ వర్కర్‌ని. నలభై దాటాక వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ చదువే ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది. రోజూ ఎంత పేడ వేస్తున్నారు, పొయ్యి ఎంతసేపు వెలుగుతోంది, కట్టెలు వాడుతున్నారా అని ప్రతి ఇంట్లో అడిగి రిజిస్టరులో రాయాలి.

ఆ రాతకు అంత విలువ ఎందుకంటే, ప్లాంట్లకు డబ్బు కార్బన్ క్రెడిట్ల మీద వచ్చేది. కట్టెలు మానేసి ఎంత పొగ తగ్గిస్తే అంతకు లెక్కగట్టి విదేశీ కంపెనీలు డబ్బిస్తాయి. దానికి ముందు వెరిఫికేషన్ జరగాలి. బయటి నుంచి ఆడిటర్ వచ్చి, కొన్ని ఇళ్లు తనే ఎంచుకుని చూస్తాడు. మా రాత నిజమని తేలితేనే రెండో విడత ప్లాంట్లు.

వినగడపలో ఆ రెండో విడత జాబితాలో మొదటి పేరు సువార్తది. రెండు గేదెలున్నాయి. పొయ్యి దగ్గర కూర్చుంటే దగ్గు ఆగేది కాదు. కనపడినప్పుడల్లా తన గ్యాస్ ఎప్పుడని అడిగేది. వెరిఫికేషన్ అవనీ అనేదాన్ని.

ఆడిటర్ ఎంచుకున్న ఇళ్లలో సువార్త తోడికోడలు, మొదటి విడతలోనే ప్లాంటు వచ్చిన రూతమ్మ ఇల్లుంది. ముందు రోజే వెళ్లి బర్నర్ తుడిపించి వచ్చాను.

మర్నాడు ఆడిటర్‌తో మేం వెళ్లేసరికి రూతమ్మ దొడ్లో పొగ. మూడు రాళ్ల మీద పెద్ద డేగిశా, దాని ముందు ఊదుతూ, దగ్గుతూ సువార్త. ఆడిటర్‌గారికీ మాకూ పలావు, కోడికూర వండుతున్నారు.

పక్కకు పిలిచి అడిగితే రూతమ్మ నన్నే తప్పుపట్టింది.

"అంత దూరం నుంచొచ్చిన మనిషిని టీ ఇచ్చి పంపుతామా అక్కా? ఆ చిన్న పొయ్యి మీద ఇంత గిన్నె నిలబడుద్దా?"

ఆడిటర్ గ్యాస్ వెలిగించి చూశాడు. నీలం మంట బాగానే వచ్చింది. తర్వాత దొడ్లోకి నడిచి నా రిజిస్టరు తెరిచాడు. కట్టెల గడిలో నెలల తరబడి "లేదు" అనే ఉంది.

"కట్టెలు ఇవాళేనా అమ్మా?"

"ఇవాళేనండి," అంది రూతమ్మ నా వైపు చూడకుండా.

ఆయన నా వైపు తిరిగాడు. "ప్రతిసారీ అడిగే రాశారా?"

సువార్త ఊదడం ఆపింది. ఔనంటే గడిచిపోయేదేమో. కానీ గోడవారన ఎత్తుగా పేర్చిన కట్టెలను ఆయనా చూస్తున్నాడు.

"మొదట్లో అడిగాను సార్. తర్వాత గ్యాస్ వెలుగుతోంది కదా అని లేదనే రాసుకుంటూ పోయాను."

అప్పుడు రూతమ్మ కూడా ఒప్పుకుంది. చుట్టాలొచ్చినా, ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినా వంట కట్టెల మీదేనట.

ఆయన కోప్పడలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"అప్పుడప్పుడు వాడటం తప్పు కాదమ్మా. వాడినట్టు రాయకపోవడమే తప్పు. ఇక మిగతా ఇళ్ల రాతను నేనెలా నమ్మాలి?"

భోజనం మాత్రం కాదనలేదు.

అన్ని ఇళ్లకూ మళ్లీ తిరిగి, అడిగి రాశాం. డబ్బు తగ్గింది, ఆలస్యంగానూ వచ్చింది. రెండో విడత ఏడాది వెనక్కి పోయింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే సువార్త తిట్టలేదు. "ఆ రోజు నువ్వు ఔనని ఉంటే గ్యాస్ వచ్చేదా అక్కా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాను.

ఇప్పుడు ఆమె ఇంట్లోనూ గ్యాస్ వెలుగుతోంది. నేను ఏ ఇంటికెళ్లినా పెద్ద వంట ఎక్కడ చేస్తారని ముందు అడుగుతాను. చెప్పిందే రాస్తాను. నేను అడగకుండా రాసిన "లేదు"లకు సువార్త ఇంకో ఏడాది దగ్గింది.