ఎడమవైపు అంకెలు

నా చిన్నప్పుడు మా మావయ్య ఆకాశంలో లేని వానను కంప్యూటర్లో కురిపించేవాడు. అమ్మకు తమ్ముడు, వంతెనలు కట్టే ఇంజనీరు. మా వైపు కొండవాగును గెడ్డ అంటాం. కురుపాం అవతల గెడ్డ మీద వంతెన పని పడితే, మా కిరాణా కొట్టు వెనక గదిలో దిగాడు. తొంభైల రోజులు. మా వీధికి అదే మొదటి కంప్యూటరు. కరెంటు ఉన్నంతసేపూ నేను ఆ గది వదిలేదాన్ని కాదు.

ఎంత వాన పడితే గెడ్డ ఎంత ఎత్తుకు పొంగుతుందో ఆ ప్రోగ్రాము లెక్కగట్టి గీత గీసి చూపించేది. గీతలకు రంగులు ఎంచే పని మావయ్య నాకిచ్చాడు. నీళ్లకు నీలం పెట్టాను. కట్టబోయే వంతెన ఎత్తు చూపే అడ్డగీతకు ఎరుపు పెట్టాను. పెద్ద వాన కురిపించగానే నీలం గీత పాలపొంగులా లేచి ఎరుపును దాటిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. మావయ్య మాత్రం అదే వానను మళ్లీ కురిపించి చూశాడు.

మర్నాడు ఆయన పైఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, నాకు బిస్కెట్లు కూడా తెచ్చాడు. "ఇప్పుడు ఎత్తు పెంచమని రాస్తే ఖర్చు పెరిగి మొదటికే మోసం వస్తుంది. అసలు వంతెనే రాదు. చూసేవాళ్లకి కంగారు పుట్టకుండా గీయవయ్యా," అన్నాడు. మావయ్య కుర్చీని కంప్యూటరు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత బొమ్మకు ఎడమవైపు నిలువుగా ఉన్న అంకెలు మార్చాడు. ఆరు మీటర్ల దగ్గర ఆగే కొలత యాభై మీటర్ల దాకా పోయింది. దాంతో గీతలు రెండూ అడుగుకు అణిగి, ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే అయిపోయాయి. నేను ముచ్చటపడి పెట్టిన ఎరుపు తీసి బూడిదరంగు పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసరు వెళ్లాక మావయ్య పాత బొమ్మా, కొత్త బొమ్మా అచ్చు తీసి నా ముందు పరిచాడు.

"నీళ్లెందులో ఎక్కువున్నాయో సెప్పు గుంటా."

నేను పాతదాన్నే చూపించాను. ఆయన రెండు అరచేతులతో రెండు బొమ్మల్లోని గీతలూ కప్పేసి, ముందు పక్కనున్న అంకెలు చదవమన్నాడు. చదివాను. చేతులు తీశాడు. అప్పుడు అర్థమైంది, రెండింటిలోనూ నీళ్లు ఐదు మీటర్లే, వంతెన నాలుగే.

"మరెందుకు మార్సీసినావు మావయ్యా?"

"ఏటి సెయ్యనే? అసలు వంతెనే నేకపోతే గెడ్డ అవతలోళ్లకి మరీ కష్టం," అన్నాడు.

వంతెన వచ్చింది. ఎండాకాలమంతా కొండల్లోని జనం చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు నెత్తిన పెట్టుకుని దాని మీదుగా సంతకు దిగారు. మా కొట్టు దగ్గర ఎవరైనా మెచ్చుకుంటే మావయ్య తల వంచుకుని లోపలికి పోయేవాడు.

ఆ వానాకాలంలోనే ఒక సంతనాడు గెడ్డ పొంగింది. మా కొట్టుకు అడ్డాకులు తెచ్చే కొండ ఊరి అక్కకు పురిటినొప్పులు మొదలైతే, ఆమె ఊరివాళ్లు కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొచ్చి అవతలి గట్టున ఆగిపోయారు. సంగతి తెలిసి నాన్న ఇవతలి గట్టుకు జీపు తెప్పించాడు, మావయ్యా నేనూ అందులోనే వెళ్లాం. మధ్యలో వంతెన నీళ్లలో మునిగి కనబడలేదు. మోసేవాళ్లు ఆ బురదలో డోలీని దించలేక భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. ఆమె భర్త ఏదో అరుస్తున్నాడు, హోరులో మాకు వినబడలేదు. ఇవతల జీపుంది, తాళ్లున్నాయి, ఈతొచ్చిన మగాళ్లున్నారు. ఒక్కరూ దిగలేకపోయారు. "తగ్గుతాది, బేగి తగ్గుతాది," అని మావయ్య తనలో తనే అనుకుంటున్నాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాను.

పొద్దు వాలేసరికి నీళ్లు దిగాయి. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. ఆసుపత్రి కాగితమైనా, పేపర్లో ఎవరి గొప్పలైనా, గీత కనబడితే చాలు, నా అరచెయ్యి దాని మీదికి పోతుంది. అంకెలు చదివాకే తీస్తాను. మా ఇంట్లో పిల్లలు చూసి నవ్వుతారు. చెయ్యి తీసే ముందు నాకు ప్రతిసారీ భయమేస్తుంది. అంకెలు చదవడం మావయ్య నేర్పాడు. చదివాక ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదు, నాకు ఇప్పటికీ తెలియదు.