మామయ్యగారు మార్చిన జెట్

మా మామయ్యగారికీ నాకూ మాటలు ఆగిపోయింది ఒక పాత మోటార్ సైకిల్ ఇంజను దగ్గర.

మాది పెదకాకాని దాటాక కాస్త లోపలికి ఉన్న ఊరు. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెబుతాను. మామయ్యగారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో ఇప్పటికీ అందరూ మాస్టారనే అంటారు. అత్తయ్యగారు నేను కాపురానికి రాకముందే పోయారు కాబట్టి ఇంట్లో ఉండేది ముగ్గురమే. మా ఆయన పత్తి మిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు. అక్కడ ఎలా తూస్తాడో తెలియదు గానీ ఇంట్లో మాత్రం ముల్లు ఎప్పుడూ వాళ్ల నాన్న వైపే మొగ్గుతుంది.

బండి మామయ్యగారిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారట. వంద సీసీ, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాల్సిన రకం. నేను చూసేటప్పటికి మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, పెట్టే షెడ్డులో పట్టా కప్పుకుని ఉండేది. నన్ను దూరంగా ఉన్న కాలేజీకి బదిలీ చేశారు. ఉన్న ఒక్క స్కూటరూ తెల్లారేసరికి మా ఆయనతో మిల్లుకి పోతుంది. బస్సులు నా టైముకి కలవడం లేదు. అందుకని బండి అడిగాను.

"తీసుకో అమ్మాయ్. తోలగలిగితే తోలుకో. ఇంజను మాత్రం ముట్టుకోబాకు. నేను ఇన్నేళ్లు తోలాను, దారిలో ఒక్కనాడు ఆగలేదు" అన్నారు.

నాతో మొదటి వారంలోనే మూడుసార్లు ఆగింది. హైవే ఎక్కితే వెనక నుంచి లారీలు హారన్ కొట్టి కొట్టి నన్ను మట్టిలోకి దింపేవి. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పత్తి లోడు ట్రాక్టరు నన్ను దాటిపోయింది. ఆ ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్లు నవ్విన నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

మొదట పాయింట్లు తీసేశాను. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పే చిన్న లోహపు రెక్కలవి. వాటి మధ్య సందు వెంట్రుకంత తేడా వచ్చినా బండి మొరాయిస్తుంది. వాటి బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. మామయ్యగారిని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు, అందుకే అడగలేదు.

మర్నాడు పొద్దున ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్క మూత ఊడదీసి ఉంది.

"ఏందమ్మాయ్ ఇది? పాయింట్లేవి?"

"తీసేశానండి. దీనికి సందు సరిచేసే పని ఉండదు."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నేను రోజూ తోలేది దీన్నే కదండీ."

"తోలుకోమన్నాను. కోసుకోమన్లేదు" అని మూత అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయారు.

అక్కడితో ఆగి ఉంటే గొడవ ఇంత దూరం వచ్చేది కాదేమో. నేను ఆగలేదు. సిలిండరు అరిగిపోయి లోపలి ఒత్తిడి, అదే కంప్రెషన్, నిలవడం లేదు. దాన్ని విప్పి గుంటూరులో లేత్ షాపు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ ఆయన్ని భాయి అంటారు, నేనూ అంతే. ఆయన సిలిండరు లోపలి గోడని పావు మిల్లీమీటరు బోరు చేసి, దానికి సరిపడా కొత్త పిస్టన్ వేశాడు. ఇంజను గాలి బాగా పీల్చేలా ఫిల్టరు మార్చాను. గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడా పెరగాలి కాబట్టి కార్బొరేటర్లో పెట్రోలు వెళ్లే ఇత్తడి జెట్‌ని ఒక సైజు పెద్దది వేశాను. అంతే. పందేలకి కాదు. లారీల ముందు నిలబడటానికి సరిపడా చేశాను. నెల తిరక్కుండానే బండి ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కింది.

మామయ్యగారు ఆ నెలంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లకి చెప్పుకొచ్చారు.

"మా కోడలు డాక్టరమ్మండోయ్. మనుషులకి కాదు, నా బండికి. పొట్ట కోసి పేగులు మారుస్తోంది."

వాళ్లు నవ్వేవాళ్లు. నేను గేటు తీసుకుని లోపలికి వస్తుంటే నవ్వు ఆపేవాళ్లు కూడా కాదు. మా ఆయనతో చెప్తే, "పెద్దాయన, సరదాకి అంటాడు, నువ్వెందుకు పట్టించుకుంటావ్" అన్నాడు. ఆ సరదా వినీ వినీ నాకూ ఒళ్లు మండి ఉంది.

ఒకరోజు అన్నాల దగ్గర మామయ్యగారు మళ్లీ మొదలుపెట్టారు. తన రోజుల్లో పోస్టుకార్డు ముక్క దూర్చి పాయింట్ల సందు చూసేవారట. నలుగురు మాస్టార్లు తమ బళ్లు ఆయన దగ్గరికే తెచ్చేవారట. చెవి పెట్టి వింటే చాలు, జబ్బేంటో తెలిసిపోయేదట.

"పోస్టుకార్డులే లేవు ఇప్పుడు. ఇంక ఆ విద్యతో పనేముంది మామయ్యగారూ" అన్నాను.

ఆయన నా వంక చూశారు. సగం అన్నం కంచంలో ఉండగానే అందులోనే చెయ్యి కడిగేసుకున్నారు. మా ఆయన నన్ను చంపేసేలా చూశాడు. ఆ రోజు నుంచి మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. మంచినీళ్లు కావాలన్నా, "మీ ఆవిడని అడుగు" అని కొడుకుతో అనేవారు. నేనూ తగ్గలేదు. "మీ నాన్నకి టిఫిను పెట్టాను, చెప్పండి" అని ఆయన ఎదురుగానే మా ఆయనతో చెప్పేదాన్ని.

మార్చిలో, కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, ఒక సోమవారం కాలేజీకి బయల్దేరాను. హైవే మీద టిక్కీల లారీలు వరసగా గుంటూరు మిర్చి యార్డు వైపు పోతున్నాయి. బండి చప్పుడు పొద్దున్నుంచే కొంచెం పలచగా, గీరుతున్నట్టుగా ఉంది. ఎండ వల్లేమో అనుకున్నాను. ఇంజను వినే చెవి నాకు లేదని మామయ్యగారు అనే మాట నిజమేనేమో మరి. ఫ్లైఓవర్ దిగుతుండగా ఇంజను కీచుమని అరిచి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం కదలడం మానేసింది. క్లచ్ పట్టుకునేలోపే బండి అడ్డం తిరిగింది. నేను రోడ్డు అంచు కంకర మీద పడ్డాను. వెనక వస్తున్న లారీ డ్రైవరు ఎలా ఆపాడో తెలియదు. దిగొచ్చి నన్ను తిట్టి, తర్వాత నా చెయ్యి చూసి తిట్టడం మానేశాడు. కుడి మణికట్టు విరిగింది.

బండిని ఆటో ట్రాలీలో భాయి దగ్గరికి పంపించాను. నాలుగో రోజు కట్టుతో వెళ్లాను. ఆయన పిస్టన్ నా ఎడమ చేతిలో పెట్టాడు. ఒక పక్కంతా నిలువునా గీసుకుపోయి ఉంది.

"అమ్మా, జెట్ నువ్వే మార్చావా మళ్లీ?"

"లేదు భాయ్."

"మరి ఇందులో పాత జెట్ ఉందేంటి? పెట్రోలు చాల్లేదు. వేడెక్కి పట్టేసింది."

పాత జెట్ ఒకటే ఉంది. దాన్ని నేను అగ్గిపెట్టెలో పెట్టి షెడ్డు గూట్లో ఉంచాను. ఆ గూడు తెలిసినవాళ్లం నేనూ మామయ్యగారూ ఇద్దరమే.

పిస్టన్ని సంచీలో వేసుకుని ఇంటికి వచ్చాను. మామయ్యగారు కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. ఆ పేపరు మీదే పిస్టన్ పెట్టాను. నెలన్నర తర్వాత నేరుగా ఆయనతో మాట్లాడాను.

"జెట్ మీరే మార్చారా?"

ఆయన దాచలేదు. "మార్చాను. పెట్రోలు నీళ్లలా తాగుతోంది. పాతదే మేలు."

"పాత ఫిల్టరుకి పాతది మేలు. కొత్త ఫిల్టరుకి కాదు. నేను లారీ కింద పడేదాన్ని."

"నువ్వు ఊరికే ఉన్న ఇంజనుని కెలక్కపోతే నేనెందుకు ముట్టుకుంటాను?"

"మార్చాక ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"నువ్వు చెప్పావా నాకు?"

ఆ మాట ఇంకా మంటెక్కించింది. పిస్టన్ని తీసుకుని గోడకేసి కొట్టాను. ఎడమ చెయ్యి కదా, సరిగ్గా తగల్లేదు. మా ఆయన పరిగెత్తుకొచ్చి, జీవితంలో మొదటిసారి, "నాన్నా, నువ్వు చేసింది తప్పు" అన్నాడు. మామయ్యగారి మొహం నల్లబడింది. నా మాటకంటే కొడుకు మాటే ఎక్కువ తగిలినట్టుంది.

"ఆ ఇంజను మీద ఇంక నా పేరు ఉండకూడదు. కాయితాలు తీసుకురండి, సంతకం పెట్టి పారేస్తా" అన్నారు.

ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆలోచించాను. పాయింట్లు తీసెయ్యడంతో ఆయనకి చేతిలో ఉన్న ఒకే ఒక్క పని తీసేశానని అప్పుడు అర్థమైంది. అర్థమైనా మణికట్టు నొప్పి తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

చెయ్యి నయమయ్యాక భాయి మరో సైజు బోరు చేసి ఇచ్చాడు. బండి పాతది కాబట్టి పేరు మార్పుకి రవాణా ఆఫీసుకి తీసుకురమ్మన్నారు. నేను బండి మీద, ఆయన బస్సులో వెళ్లాం. ఆఫీసు ముందు బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం. తనిఖీ చేసే ఉద్యోగికి ఇంజను మీద నంబరు కనిపించలేదు. జిడ్డు పేరుకుని ఉంది. మామయ్యగారు లేచి వచ్చి, వంగి కూడా చూడకుండా నంబరంతా గడగడా చెప్పేశారు. తర్వాత భుజం మీది తువ్వాలుతో జిడ్డు తుడిచారు. చెప్పింది అక్షరం పొల్లుపోలేదు. సంతకం పెట్టి, కలం మూత బిగించి, గేటు వైపు నడిచారు.

"ఎక్కండి మామయ్యగారూ, ఇంటికేగా" అన్నాను.

"నేను బస్సుకొస్తా."

రెండోసారి అడగలేదు. అడిగితే ఎక్కేవారేమో. నాకు అడగాలనిపించలేదు.

ఇప్పుడు అవసరానికి మాట్లాడుకుంటాం. కూరలో ఉప్పు, కరెంటు కోత, మిరప రేటు. బండి సంగతి ఇద్దరం ఎత్తం. మొన్న ఎండల్లో ఇంటి బోరు మోటారు పాడైంది. ఆ రోజు నాకు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. మామయ్యగారు ఫోను చేసి పక్క ఊరి నుంచి మెకానిక్కుని పిలిపించారు. అతను వచ్చి మోటారు విప్పి పెట్టి, బేరింగుని తిరగేసి, తప్పు వైపు నుంచి దిగ్గొట్టబోతున్నాడు. నేను వరండాలో కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనేమీ అనలేదు.