తలమీద వెలుగు

డెబ్బైల్లో తిరువూరులో మడత కెమెరా మా లెక్కల మాస్టారి దగ్గరే ఉండేది. మూత తెరిస్తే హార్మోనియం తిత్తిలాంటి నల్లతోలు ముందుకు సాగేది. రోజూ సాయంత్రం దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, "దీనికీ ఊపిరాడాలి కదమ్మా" అంటూ కిటికీలో తెరిచిపెట్టేవారు.

ఒకసారి ఆ తోలుకి సూదిమొనంత చిల్లు పడింది. అందులోంచి ఎండ దూరి, చర్చి ముందు తీసిన పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురి తలమీద తెల్లటి మచ్చ వచ్చింది. మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. పెళ్ళివాళ్ళు మాత్రం అది దేవుడి దీవెనని మురిసిపోయి ఫ్రేము కట్టించుకున్నారు.

మాస్టారు ఆ చిల్లుకి సైకిల్ ట్యూబు ముక్క అంటించారు. ఆ తరవాత ఇంకో పెళ్ళి చేసినవాళ్ళు ఫొటో పట్టుకుని ఆయన ఇంటికే వచ్చారు.

"మా పిల్ల ఏం పాపం చేసిందండీ? దానికి వెలుగు రాలేదేంటి?"

మాస్టారు ఆ ముక్క పీకేశారు. నేను అడిగితే, "దీనికీ ఊపిరాడాలి కదమ్మా" అన్నారు.

నా పెళ్ళినాడు సుద్దముక్కతో నేలమీద గీత గీసి, "అమ్మాయ్, సరిగ్గా ఇక్కడే నిలబడు, కదలకు" అన్నారు. ఆ మాట మా అత్తగారు కూడా విన్నారు. కుచ్చిళ్ళు సర్దుతానంటూ నా దగ్గరికొచ్చారు.

ఆ ఫొటో ఇప్పటికీ మా గోడమీద ఉంది. వెలుగు ఆవిడ తలమీద ఉంది.