స్కార్‌విక్‌లో ఫాస్ట్ అంటే

ఇంగ్లీషులో ఒక్క మాటే ఒకచోట నామవాచకంగా, ఇంకోచోట క్రియగా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి పట్నాల్లో టీచర్లు ఏ మాట ఎంచుకుంటారో నాకు తెలియదు. స్కార్‌విక్ అనే జాలరి ఊరి బడిలో చేరిన కొత్తలో నేను ‘ఫాస్ట్’ ఎంచుకున్నాను. ఎంచుకుని చేతులు కాల్చుకున్నాను.

మొదట అంతా సాఫీగానే నడిచింది. ఫాస్ట్ పడవ అంటే వేగంగా పోయే పడవ, అది విశేషణం. పడవని గట్టుకి ఫాస్ట్‌గా కట్టారంటే తొందరగా కట్టారని కాదు, ఊడకుండా బిగించారని, అది క్రియావిశేషణం. ఉపవాసం ఉంటే అదీ ఫాస్ట్ చెయ్యడమే, అది క్రియ. “మరి నామవాచకం ఎవరు చెప్తారు?” అన్నాను. ‘ఉపవాసం’ అనే జవాబు వస్తుందని నా ధీమా. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, “మా నాన్న పోయిన చోటు, టీచర్,” అంది. ఎవరూ నవ్వలేదు. సగం మంది పిల్లలు అవునన్నట్టు తలలూపారు.

ఆ సాయంత్రం మా ఇంటి యజమానురాలు థర్జా థీకర్‌ని అడిగాను. ఆవిడ ఇంటి మేడమీద గదిలో నేను అద్దెకి ఉండేదాన్ని. ఆవిడ హెర్రింగ్ చేపలు కోస్తోంది. కత్తి ఆపకుండానే చెప్పింది.

“వల పోయి అడుగున దేనికో తగులుకుని ఇక రాదు చూడు, ఆ చోటుని ఫాస్ట్ అంటాం. అంత చదువు చదివావు, ఇది చెప్పలేదా నీకు?”

“ఏ పుస్తకంలోనూ లేదండీ.”

“పుస్తకంలో ఎందుకుంటుంది పంతులమ్మా, సముద్రంలో ఉంటే. మా ఆయన్నడుగు, బాగా చెప్తాడు. అక్కడే కదా కాపురం,” అని పకపకా నవ్వింది.

ఆవిడ మొగుడు ఐజాక్ పడవ వల, మొదటి ప్రపంచ యుద్ధంలో మునిగిన ఒక బొగ్గు స్టీమరుకి తగులుకుంది. వెనక నుంచి పెద్ద అల. పడవ ముందుకి పోలేదు, వల వెనక్కి లాగుతోంది, నీళ్లు వెనకభాగం మీదుగా ఎక్కేశాయి. మనిషి ఒడ్డుకి రాలేదు. అప్పటికి కొడుకు రూబెన్ ఉయ్యాల్లో ఉన్నాడు. థర్జా పరాయి పడవల గాలాలకి ఎరలు గుచ్చి వాణ్ణి పెంచింది. ఆవిడ వేళ్లకి ముల్లు గుచ్చుకుంటే ముల్లే విరగాలి, అంత బండబారిపోయాయి. నోరు అంతకంటే మొండిది. బేరాలాడే దళారులు ఆవిణ్ణి చూసి వీధి మారేవాళ్లు.

రూబెన్ పెద్దవాడై సముద్రంలోకి పోతానంటే వద్దనలేదు. ఆ ఊళ్లో అలా అనడం ఎవరికీ తెలియదు. కానీ వాడు ఒడ్డెక్కేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. “మన చాపెల్లో ఉపవాసాలెక్కడివే?” అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే, “దేవుడి కోసం కాదులే, ఆయన్నెందుకు మధ్యలోకి లాగుతావ్,” అనేది.

ఆవిడ చేసిన అసలు పని ఇంకోటి ఉంది. సముద్రం వైపున్న తన ఇంటి పక్కగోడకి ఏటా ఈస్టర్ ముందు తనే నిచ్చెనెక్కి సున్నం వేసేది. ముస్తాబు కోసం కాదు. నీళ్లమీద దారి గుర్తులుండవు కనక మా వాళ్లు ఒడ్డుమీది వాటినే గుర్తు పెట్టుకుంటారు. కొండమీది చాపెల్ శిఖరం థర్జా తెల్లగోడకి ఎడమగా కనిపించినంతసేపూ వల లాగొచ్చు. శిఖరం సరిగ్గా గోడ మీదికి వచ్చిందంటే కింద ఆ స్టీమరు ఉన్నట్టు. వల ఎత్తెయ్యాలి. ఊళ్లో పడవలన్నీ ఆ గోడని నమ్ముకునే బతికాయి.

ఆ ఏడు చలికాలంలో థర్జాకి ఊపిరితిత్తులు చెడ్డాయి. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఈస్టర్ వచ్చినా గోడకి సున్నం పడలేదు. వానలకి బూడిదరంగు తేలింది. “నేను వేస్తాలేమ్మా, ఈ చేపల కాలం కాస్త నెమ్మదించనీ,” అన్నాడు రూబెన్. వాడికి గోడ అక్కర్లేదనిపించి ఉంటుంది, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కదా.

సముద్రం మీంచి చూస్తే మాకు కుడిపక్క ఇల్లు అప్పుడే హోల్‌రాయిడ్ అనే లీడ్స్ బట్టల వ్యాపారి కొన్నాడు. సెలవులకి వచ్చి, మేము చలికి వణికే ఊరిని చూసి ముచ్చటపడి పోయే రకం. థర్జా గోడ ఆయనకి తెగ నచ్చేసింది. సరదాపడి తన పక్కగోడకి కూడా తెల్లరంగు కొట్టించాడు. అదీ సున్నం కాదు, నిగనిగలాడే నూనె రంగు. ఆ సాయంత్రమే సముద్రం మీంచి పొగమంచు కమ్మింది. రూబెన్ చీకటి పడ్డాక రేవు దీపాల గుర్తుతో వచ్చి, తిని, పడుకుని, తెల్లారకముందే మళ్లీ బయల్దేరాడు. కొత్త గోడ వాడి కంట పడనేలేదు.

నేను టీ కోసం కిందికి దిగేసరికి తలుపు బార్లా తీసుంది. థర్జా జ్వరంతోనే దుప్పటి కప్పుకుని వాకిట్లో నిలబడి ఉంది. మంచు తొలిగి చంద్రుడున్నాడు. పక్కింటి గోడ మెరిసిపోతోంది, మా గోడ నీడలా ఉంది. రేవులోంచి ఇంజను చప్పుడు దూరమవుతోంది.

“శిఖరం ఆ గోడకి ఎడమగానే ఉంటుంది,” అంది థర్జా నాతో కాకుండా. “పడవ కింద స్టీమరున్నా ఎడమగానే ఉంటుంది.”

రూబెన్ ఆ తెల్లగోడనే మాదనుకుంటాడని అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. “చూసినప్పుడు వాడెక్కడున్నాడు?”

“రేవుకి దిగే మెట్ల మీద. అదిగో, అక్కడ.”

“మరి పిలవలేదేం?”

నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. గడప దాటి పడవకి పోయే మగవాణ్ణి పేరుపెట్టి వెనక్కి పిలవకూడదు ఆ ఊళ్లో. పిలిస్తే వాడు తిరిగి రాడని నమ్మకం. భోజనం మర్చిపోయినా, చొక్కా మర్చిపోయినా పిలవరు. నాకు ఒళ్లు మండింది. ఇదంతా మూఢనమ్మకమనబోయాను, అప్పటికే ఆవిడ కదిలింది.

“తారు,” అంది. “షెడ్డులో ఉంది. రా.”

పడవలకి పూసే తారు డబ్బా, రెండు చీపురు కుంచెలు పట్టుకుని వెళ్లాం. తెల్లవారుతుంటే ఆ కొత్త గోడని నల్లగా మెత్తడం మొదలుపెట్టాం. ఆవిడ ప్రతి కుంచె దెబ్బకీ దగ్గింది. హోల్‌రాయిడ్ డ్రెస్సింగ్ గౌను చుట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు.

“ఏవిటిది! మతిపోయిందా మీకు? నిన్నే కొట్టించాను!”

“అందుకే,” అంది థర్జా.

“పోలీసుని పిలుస్తాను!”

“పిలువు బాబూ. నీకా అదృష్టం ఉంది, ఎవర్నైనా పిలవచ్చు. వస్తే వాడికీ ఒక కుంచె ఇయ్యి.”

ఆయన ఆవిడ మొహం చూశాడు, సముద్రం చూశాడు, ఏం అర్థమైందో గానీ గౌను చేతులు పైకి మడిచాడు. నా చేతిలోంచి కుంచె లాక్కుని పై భాగం ఆయనే పుయ్యసాగాడు. పొడుగు మనిషి.

గోడ సగం నల్లబడింది. వెలుతురు బాగా వచ్చింది. దూరంగా రూబెన్ పడవ వల లాగుతూ నింపాదిగా పోతోంది. కుడిచెయ్యి వైపుకి తిప్పితే చాలు. తిప్పుతాడని, ఇదిగో తిప్పుతున్నాడని నాకు నిజంగానే అనిపించింది. అప్పుడు పడవ ఆగిపోయింది. ముందుభాగం పైకి లేచింది.

కింద గట్టు మీద ఎవరో ముసలాయన “ఫాస్ట్!” అని అరిచాడు. బడిలో ఆ మాటకి వాక్యం రాయమంటాను పిల్లల్ని. ఆ పొద్దున దానికి ముందూ వెనకా ఏ మాటా అక్కర్లేకపోయింది. ఆడవాళ్లంతా తలుపులు తెరుచుకుని బయటికొచ్చేశారు.

దగ్గర్లో ఉన్న పడవ ఇద్దర్ని బయటికి తీసింది. వెనక చివర నిలబడి గొడ్డలితో వలతాడు నరుకుతున్నది రూబెన్. వాడు దొరకలేదు. ఆ ఇద్దరిలో ఒకడు సాయంత్రం వచ్చి, గోడ మీద నల్లటిది పాకడం రూబెన్ చూశాడని, “మా అమ్మ ఏదో చెప్తోందిరా,” అని చుక్కాని వైపు అడుగేశాడని చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. మంచివాడే, కానీ చెప్పకుండా ఉండాల్సింది.

వారం రోజులు ఊరంతా వచ్చి అదే మాట అన్నారు. నువ్వు పిలవకపోవడం మంచిదే థర్జా, పిలిచుంటే ఆ పాపం కూడా నీ నెత్తినే పడేది, అని. ఆవిడ అందరికీ టీ పోసింది, తలూపింది. వాళ్లు వెళ్లాక కప్పులు కడుగుతూ, నేను పక్కన తుడుస్తుంటే, నాతో అంది:

“పిలిచుంటే తిట్టేవాడు. బూతులే తిట్టేవాడు నన్ను. కానీ వెనక్కి తిరిగేవాడు.”