జెల్లముల్లు, పెథిడిన్ సూది

డెబ్బైల చివర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నా తొలి కాన్పు. నొప్పులు భరించలేకపోతుంటే, పెథిడిన్ సూది వేస్తే తగ్గుతాయంది నర్సమ్మ. నొప్పులు నావి. అనుమతి అడిగింది మాత్రం వరండాలో కూర్చున్న మా ఆయన్ని. ఆయన వాళ్లమ్మ మొహం చూశాడు.

"సూదేటికి? నాను అయిదుగుర్ని కన్నాను, ఒక్క సూదీ ఎరగను," అంది మా అత్త.

"అమ్మ సెప్పింది కదా, వద్దు," అన్నాడా మహానుభావుడు బీడీ ముట్టించుకుంటూ.

అలాగే కన్నాను.

మూడో రోజు ఆయన్నే ఇద్దరు పట్టుకొచ్చారు. వల దులుపుతుంటే జెల్లచేప ముల్లు అరచేతిలో దిగిందట. "సచ్చిపోతన్నాను, సూదెయ్యండి" అని వార్డంతా వినబడేలా ఏడుపు. నర్సమ్మ తిన్నగా నా మంచం దగ్గరికొచ్చింది.

"మీ ఆయనకి అదే సూది ఎయ్యమంటావా?" అని నవ్వకుండా అడిగింది.

"నన్నడుగుతారేటి? ఆల్లమ్మని అడగండి," అన్నాను బిడ్డకు పాలిస్తూ.

అత్త అప్పటికే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "బేగెయ్యమ్మా, పిల్లోడు ఓర్సుకోలేడు."

ముప్పయ్యేళ్ల పిల్లోడు సూది పడగానే గురకపెట్టి నిద్రపోయాడు.

నా రెండో కాన్పప్పుడు నర్సమ్మ వరండాలోకి రాగానే, "దాన్నే అడగండి," అన్నాడట. ఆ మాత్రం జ్ఞానం రావడానికి ఆయనకి ఒక జెల్లచేప కావలసివచ్చింది.