సత్యవ్వ చూసొచ్చిన హోటల్

మా మేనత్త సత్యవ్వ పోయి ఏడాది దాటింది. ఆవిడ దుబాయి ప్రయాణం గురించి కోరుట్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ వాళ్లకు తెలిసింది సగమే. మిగతా సగం ఆవిడ నాకొక్కదానికే చెప్పింది.

మామ సమ్మయ్య ఇరవై రెండేళ్లు దుబాయిలో ఒక పెద్ద హోటల్లో పనిచేసి వచ్చాడు. తన చేతికింద నలభై మంది ఉండేవారని, తాను చెయ్యి ఊపితేగాని వంటింట్లో పొయ్యి వెలిగేది కాదని చెప్పేవాడు. అత్త బీడీలు చుడుతూ వినేది. అరవై నిండాక ఒకరోజు, ఆ హోటల్ చూడాలంది. మామ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఏజెంటు వద్దంది. ఒకప్పుడు ఓ ఏజెంటు మామ పాస్‌పోర్టును ఎనిమిది నెలలు దాచిపెట్టిన సంగతి ఆమె మరిచిపోలేదు. ముందు వాడలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లందరినీ అడిగింది. పదిహేనేళ్లు అక్కడే ఉన్నవాళ్లకు పనివాళ్లుండే క్యాంపు తెలుసు, క్యాంపు నుంచి పనికి పోయే బస్సు తెలుసు. నాలుగు రోజులు ఊరు చూడటానికి వెళ్తే ఎక్కడ ఉండాలో ఒక్కరికీ తెలియదు. దాంతో జగిత్యాల బస్సెక్కి మా ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఎండకు తట్టుకోలేవన్నాడు మామ. జనవరికి టికెట్లు తీయించింది. గదులు దొరకవన్నాడు. మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో చిన్న గది వెతికించింది. ఫొటోలో కిటికీ కనిపించని గదులన్నీ వద్దంది. వీసానూ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి పేర్లు, తేదీలు నాతో మూడుసార్లు చదివించింది. షుగరు మాత్రలకు డాక్టరుతో చీటీ రాయించుకుంది. కాగితాలన్నీ రెండేసి నకళ్లు తీయించి ఒక కట్ట తన సంచిలో, ఒకటి మామ సంచిలో పెట్టింది.

మావైపు ఎవరు గల్ఫ్‌కు బయల్దేరినా, అక్కడున్న తమవాళ్ల కోసం వాడంతా పొట్లాలు తెస్తుంది. కాదనడం ఉండదు. మామ ఎన్ని మోశాడో చెప్పలేం. అలాంటి మనిషి, పక్కింటి లక్ష్మవ్వ తన కొడుకు వేణు కోసం సకినాలు, మసాలా కట్టి తెచ్చిన పొట్లాన్ని మాత్రం తీసుకోనన్నాడు. వేణు పనిచేసేది మామ చేసిన హోటల్లోనే. మామ కోడికూర మసాలా వాసన చూసి, "గిండ్ల గసగసాలున్నయ్. గక్కడ దొరికితే జైలే. మొత్తమే వద్దు" అన్నాడు.

గసగసాల మాట నిజమే. అది నేనూ చెప్పాను కాబట్టే అత్త ప్రతి పొట్లాన్నీ తెచ్చినవాళ్లతోనే విప్పించి చూస్తోంది.

"మసాల వద్దంటె సరె. సకినాలేం జేసినయ్?" అంది.

ఆమె లక్ష్మవ్వ గడపలో కూర్చుని, గసగసాలు లేకుండా కొత్త మసాలా నూరించుకొచ్చింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మీ మామకు వేణుగాన్ని జూస్తె ఎందుకు భయమైతుందో జూడాలె బిడ్డా" అంది.

దుబాయి చేరిన మూడో రోజు, సరిగ్గా హోటల్‌కు బయల్దేరే వేళకు మామకు కడుపునొప్పి వచ్చింది. ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ నేను తెలుగులో రాసిచ్చిన కాగితం పట్టుకుని అత్త ఒక్కతే మెట్రో ఎక్కింది. వేణు వెనక గేటు దగ్గరకొచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్లాడు. వంటింటి వెనక గదిలో పెద్ద పెద్ద తొట్లు, వాటి పక్కన ఎంగిలి పళ్లేల గుట్టలు.

"పెద్దనాయిన గీడనే నిలబడేది పెద్దమ్మా. నాకు పని నేర్పింది ఆయనే. ఇన్నేండ్లల్ల ఒక్క ప్లేటు పగులగొట్టలేదట."

ఆమె గదికి తిరిగొచ్చేసరికి మామ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చూసినవా అని అడిగాడు. చూసిన, పెద్ద హోటలే అంది.

కోరుట్లలో దిగాక వాడంతా మూగింది. నలభై కాదు, అరవై మంది ఆయన చేతికింద ఉండేవారని, అక్కడివాళ్లు ఇప్పటికీ ఆయన పేరే తలుచుకుంటున్నారని అత్త చెప్పింది. మామ తల దించుకుని విన్నాడు. అందరూ వెళ్లాక ఆమె తలుపు గడియపెట్టి, రాత్రి తిన్న గిన్నెలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇరవై రెండేండ్లు లోకానియి కడిగినవ్. ఇగ మనయి కడుగు."

ఆ రోజు నుంచి గిన్నెలు మామవే. తలుపు వేసుకుని కడిగేవాడు. అత్త పోయాక, దినాల నాడు మాత్రం వాకిట్లో, వాడంతా చూస్తుండగా గిన్నెల ముందు కూర్చున్నాడు. లక్ష్మవ్వ వద్దని వారిస్తూ ఓ పళ్లెం అందుకుని తోమబోయింది.

"గట్ల రుద్దితె జిడ్డు పోతదా? ఇటియ్యి" అని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు మామ.