పదో కుప్ప

కాజీపేటలో మా రైల్వే క్వార్టర్ల వెనక ఎకరంన్నర ఖాళీ జాగా ఉండేది. సగం సర్కారు తుమ్మ, సగం ఇంజన్లలోంచి తీసుకొచ్చి పోసిన బొగ్గు బూడిద. డెబ్బయ్యో దశకం చివర్లో మా లైన్లోని తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లం ఆ జాగాను బాగుచేసుకుని, కలిసి కూరగాయలు పండించుకుందామనుకున్నాం. ఆ ఆలోచన నాదే. చాలా ఏళ్లు ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను.

మా పుట్టింటివాళ్లకు హనుమకొండలో కిరాణా దుకాణం ఉండేది. ధనియాలు పొట్లం కట్టడం తెలుసు గానీ, కొత్తిమీర ఎట్లా మొలుస్తుందో నాకు తెలియదు. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టర్. మిగతా ఆడవాళ్లూ నాలాంటివాళ్లే. మొదటి వారమంతా తుమ్మ ముళ్లతో చేతులు గీరుకుపోయాయి. రెండో వారం బూడిదలోనే బెండ గింజలు పెట్టాం. ఒక్కటీ మొలవలేదు.

మూడో వారం ఒక ముసలామె వచ్చి నిలబడి, మా తవ్వకం కాసేపు చూసి, నా చేతిలోని పార లాక్కుంది.

“గట్ల గాదు బిడ్డా. బూడిదల గింజ వెడితే మాడిపోతది. ముందుగాల చెరువు మట్టి తోలియ్యాలె, పెంట కలపాలె. జర జరుగు.”

ఆమె ఒక గ్యాంగ్‌మన్ భార్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. సొంతూరు పరకాల దగ్గరి పల్లె. క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి అంట్లు తోమి బతికేది. అందరం పెద్దవ్వ అనేవాళ్లం. ఆ రోజు నుంచి అంట్ల పని మానేసి మాతో కలిసిపోయింది. జాగా అంచున పాత రేకుల అర్ర ఒకటుంటే అందులో ఉండమన్నాం.

నీళ్లు చూపించింది కూడా ఆమే. ఆవిరి ఇంజన్లు నీళ్లు నింపుకునే గొట్టం దగ్గర పొద్దస్తమానం నీళ్లు కారి వృథాగా పోయేవి. పెద్దవ్వ చిన్న కాల్వ తీసి ఆ నీటిని మా మడుల్లోకి మళ్లించింది. ఆ ఏడు పుంటికూర, బచ్చలి, చిక్కుడు, వంకాయ విరగకాశాయి. ఆదివారం పొద్దున కోసిన కూరగాయలన్నీ నేల మీద పది కుప్పలు పోసేవాళ్లం. తొమ్మిది మా ఇళ్లకు, పదోది పెద్దవ్వకు. నేను బురద కాళ్లతో ఇంటికి వచ్చి, మా మడిలో కాసిన వంకాయ కూర వండి పెడితే మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. అంత సంతోషం ఆ తర్వాత మళ్లీ నాకు ఎందులోనూ దొరకలేదు.

రెండేళ్లు గడిచేసరికి మేం పనికి రావడం తగ్గించాం. ఒకామెకు నడుము నొప్పి, ఇంకొకామెకు ఇంటికి చుట్టాలు. నాకు కారణం కూడా లేదు. పార పట్టేదీ, కలుపు తీసేదీ, కుప్పలు పోసేదీ పెద్దవ్వ ఒక్కతే అయింది. ఆదివారం మాత్రం అందరం గంపలతో సరిగ్గా వచ్చేవాళ్లం. క్రమంగా పదో కుప్పలో మేం ఏరి పక్కన పడేసినవే మిగిలేవి. పుచ్చులు, ముదిరిన బెండకాయలు. ఆమె అవే కొంగులో మూట కట్టుకుని పోయేది.

తర్వాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటికి ఆ గొట్టం అక్కర్లేదు. ఒక ఎండాకాలం నీళ్లు ఆగిపోయాయి, వారంలో మడులు నెర్రెలు బారాయి. గార్డు గారి భార్య మాలో పెద్దది, ఆమె వరండాలో కూర్చుని మాట్లాడుకున్నాం. క్వార్టర్ల మురికినీళ్ల మోరి మా జాగా పక్క నుంచే పారేది. దాని గోడకు గండి కొడితే చాలు, నీళ్లు వాటంతటవే వస్తాయి. పెద్దవ్వను పిలిచి చెప్పాం.

“నేను వెట్ట. పాయఖాన నీళ్లు గూడ అండ్లనే వస్తయి. వంకాయకైతే ఏమోగని, ఆకుకూరకు అసలే వెట్ట” అంది.

“అంతా ఎండిపోతాంది గదనే!” అంది గార్డు గారి భార్య.

అందరూ నా వైపు చూశారు. ఆలోచన నాది కదా. “నీకు ఇష్టం లేకుంటే చెప్పు. రేకుల అర్రల ఇంకొకరిని పెట్టుకుంటం” అన్నాను.

“నా కుప్ప గూడ ఆళ్లకే ఇస్తరా?”

“పని చేసినోళ్లకే కుప్ప” అన్నాను. ఆ మాట అంటుంటే నాకు సిగ్గు వేయలేదు. అప్పటికి నేను మడిలో కాలు పెట్టక ఏడాది దాటింది.

ఆమె గండి కొట్టింది. పదిహేను రోజుల్లో కొత్తిమీర, పాలకూర నల్లటి ఆకుపచ్చగా లేచాయి. పెద్దవ్వ ఇల్లిల్లూ తిరిగి, “మంచిగ ఉడకవెట్టుకోండ్లి, పచ్చిది తినకుండ్లి” అని చెప్పింది. ముసలామె చాదస్తమని నవ్వుకున్నాం. గార్డు గారి మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల రోజున పెరుగు పచ్చడి మీద పచ్చి కొత్తిమీర గుప్పెడు గుప్పెడు చల్లారు.

మర్నాటికి ఇంటికొకరు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. నేనూ పడ్డాను. దవాఖానకు పోయి అందరం నాలుగు రోజుల్లో లేచి తిరిగాం. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అయితే శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

“ఈ మోరి గోడ ఎవరు పగలగొట్టిన్రు?” అని అడిగాడు.

పెద్దవ్వ నన్ను చూసింది. నేను చెబుతానని ఆమె నమ్మకం.

“గీమెనే సార్. మేం వద్దన్నం. వినలే” అన్నాను.

“అబద్ధం! నువ్వే గద అర్ర ఖాళీ చెయ్యమన్నది? మీరందరు ఇన్నరు గద, ఒక్కరన్న చెప్పుండ్లి!”

“ముసల్దానికి మతి తప్పింది సార్” అంది గార్డు గారి భార్య.

ఆకుకూరలన్నీ పీకి కాల్చేయమని చెప్పి ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు. పీకే పని మేం ఆమెకే చెప్పాం. ఎండలో నడి మధ్యాహ్నం దాకా, తాను వేసిన మడులు ఒక్కొక్కటే పీకింది. మేం నీడలో నిలబడి, ఇంకా మిగిలిన మూలలు చూపించాం. ఒకసారి కూలబడి, “జర నీళ్లియ్యుండ్లి” అంది. మోరి మట్టి అంటిన ఆ చేతులు తాకిన చెంబు మళ్లీ ఇంట్లో ఎట్లా పెట్టుకుంటామని ఎవరూ ఇవ్వలేదు. నా చేతిలో నిండు చెంబు ఉంది. దాన్ని తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం ఆమె మూట బయట పెట్టి అర్రకు తాళం వేశాం. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనకు జరిగింది చెప్పాను. “మంచి పని చేసినవ్. లేకుంటే నాకు మెమో ఇస్తుండె” అని కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కడుపునిండా తిన్నాడు.

పెద్దవ్వ సొంతూరికి వెళ్లిపోయాక జాగా మధ్యలో ముళ్ల కంచెలు లేచాయి. ఎవరి ముక్క వాళ్లది. ఒకరి గుమ్మడికాయ ఒకరు కోసుకుపోయారని కొప్పులు పట్టుకున్నారు. మరుసటి వానాకాలానికి ఎవరూ గింజ పెట్టలేదు. తుమ్మ మళ్లీ వచ్చింది.

రెండేళ్ల తర్వాత ఒక చీర కొని పరకాల బస్సెక్కాను. ఆమె ఎవరిదో మిరపచేనులో కూలికి కలుపు తీస్తోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నడుము ఎత్తింది.

“ఏం వచ్చినవ్?”

“నిన్ను చూసి పోదామని పెద్దవ్వా.”

“చూసినవ్ గద. ఇగ పో.”

నాది తప్పని చెప్పాను. తిరిగి రమ్మన్నాను. జాగా అట్లాగే ఉందని, మళ్లీ అందరం కలిసి చేద్దామని ఏదేదో అన్నాను.

“నేను మీకాడ పనికి కుదరలే. మీతోటి కల్సి చేసిన. పది ఇండ్లల్ల నాదొక ఇల్లనుకున్న. నువ్వు నన్ను పనిదాననుకున్నవ్” అని మళ్లీ కలుపులోకి వంగింది.

చీర గట్టు మీద పెట్టి నడిచాను. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలిచింది. మనసు మారిందనుకున్నాను.

“గిది మర్చిపోయినవ్” అంది, మట్టి చేత్తో చీర వైపు చూపిస్తూ. తీసుకునేదాకా నన్నే చూస్తూ నిలబడింది.

ఆ చీర తర్వాత నేనే కట్టుకున్నాను. మంచి నేత. చిరిగేదాకా కట్టాను.